మొదటిసారి కువైట్ పోయేవాళ్ళకు ఒక కడప హౌస్ డ్రైవర్ చెప్పే జాగ్రత్తలు

కడప, రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు కువైట్‌లో ఒక మనిషైనా లేని వీధి దొరకడం కష్టం. అయినా మొదటిసారి పోయేవాళ్ళకు ఏజెంటు చెప్పేది జీతం సంగతి, ఇంట్లోవాళ్ళు చెప్పేది వేళకు తినమని. విమానం దిగినప్పటి నుంచి పని చేసే ఇల్లు చేరేదాకా ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. నేను అక్కడ ఒక కువైటీ ఇంట్లో ఏళ్ళ తరబడి హౌస్ డ్రైవర్‌గా పనిచేశాను. మా కఫీల్ (అంటే వీసా ఇచ్చిన యజమాని) ఇంటికీ, వాళ్ళ చుట్టాల ఇళ్ళకూ కొత్తగా వచ్చే మనుషులను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చే పని నాదే. ఎవరు ఎక్కడ చిక్కుకుంటారో బయట నిలబడి చూస్తూ వచ్చాను. ఇప్పుడు కడపలోనే ఉంటున్నా. పోయేవాళ్ళు అడిగితే చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నా.

ఫోన్‌ను నమ్ముకోవద్దు, కాగితం పెట్టుకోండి

అందరూ అన్నీ ఫోన్‌లోనే పెట్టుకొని వస్తారు. వీసా ఫోన్‌లో, కఫీల్ నంబరు ఫోన్‌లో, అడ్రసు వాట్సాప్‌లో. కడపలో రాత్రి బస్సెక్కి మద్రాసు చేరి, అక్కడ గంటలు గంటలు కూర్చొని వీడియోలు చూసి, కువైట్‌లో దిగేసరికి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఒకవేళ చార్జింగ్ ఉన్నా మన సిమ్‌కు రోమింగ్ వేయించి ఉండరు. వైఫై పట్టుకుందామంటే ఓటీపీ మన ఇండియా నంబరుకే వస్తుంది, అది రాదు. ఇంక ఫోన్ ఉండీ లేనట్టే.

అందుకని ఒక గట్టి అట్టముక్క తీసుకోండి. పాస్‌పోర్టు సైజు చాలు. దాని మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఇవి రాయించండి: పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పూర్తి పేరు, కఫీల్ పేరు, కఫీల్ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, అక్కడున్న మన మనిషి నంబరు ఒకటి, ఇంటి దగ్గరి నంబరు ఒకటి. కువైట్ నంబరంటే 965 తర్వాత ఎనిమిది అంకెలు ఉండాలి. ఏజెంటు ఇచ్చిన నంబరులో అంకె తక్కువైనా ఎక్కువైనా కడపలో ఉండగానే అడగండి. అక్కడ ఎవరిదో ఫోన్ అడిగి ఇంటికి చేయాలంటే ముందు 0091 కొట్టాలి. అది కూడా ఆ అట్టమీదే రాసుకోండి. టెన్షన్‌లో సొంత నంబరు కూడా గుర్తుకు రాదు.

వీసా కాగితం, టికెట్, పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ జిరాక్సులు మూడు సెట్లు తీయించండి. ఒకటి చేతిసంచిలో, ఒకటి పెద్ద పెట్టెలో. మూడోది ఇంట్లో బీరువాలో ఉండాలి. జిరాక్సుకు అయ్యే ఖర్చు చూసుకొని ఇక్కడ పిసినారితనం చేసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఏజెంటుకు లక్షలు ఇచ్చి వచ్చినవాళ్ళే వాళ్ళు.

వీసా గురించి ఒక్క మాట. ఇంటి పనికైతే 20 నంబరు వీసా, కంపెనీ పనికైతే 18 నంబరు వీసా. కాగితంలో ఏముందో చదువుకున్న పిల్లవాడితో చదివించుకోండి. పదో తరగతి పాస్ కానివాళ్ళకు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలని. వాళ్ళు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో క్లియరెన్స్ లేకుండా పోకూడదు. ఆ ఈసీఆర్ వాళ్ళలో ఆడవాళ్ళు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలి, అదీ ప్రభుత్వం ఒప్పుకున్న సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అలాంటిది. ‘ముందు విజిట్ వీసా మీద దుబాయో మస్కటో పో, అక్కడి నుంచి మేం పంపిస్తాం’ అనే ఏజెంటు మాట మాత్రం వినొద్దు. ఆ దారిలో పోయినవాళ్ళకు ఏమన్నా అయితే ఏ కాగితంలోనూ వాళ్ళ పేరుండదు. ప్రవాసీ భారతీయ బీమా పాలసీ కాగితం కూడా జిరాక్సుల్లో కలపండి. రెండేళ్ళకు కట్టేది 275 రూపాయలే, ప్రమాదంలో ఏమైనా అయితే 10 లక్షలు వస్తుంది. ఆ కాగితం ఒకటుందన్న సంగతి చాలామంది ఇంట్లో చెప్పనే చెప్పరు.

సంచిలో ఏముందో మీకు తెలియాలి

మన వాళ్ళ సంచిలో బట్టల కంటే తిండి ఎక్కువ. చెనిక్కాయల పొడి, ఎర్రకారం, రాగిపిండి, మామిడికాయ ఊరగాయ. తీసుకుపొండి, దానికేం లేదు. ఊరగాయ మాత్రం చేతిసంచిలో పెట్టొద్దు, మద్రాసులోనే తీసి పక్కన పెడతారు. పెద్ద పెట్టెలో పెట్టినా రెండు కవర్లలో కట్టి, డబ్బా మూత చుట్టూ టేపు వేయండి. నూనె కారి వీసా జిరాక్సులు ఎర్రగా తడిసిపోయిన పెట్టెను నా చేతులతో తెరిచాను. పవర్ బ్యాంకు దీనికి తిరుగు, అది చేతిసంచిలోనే ఉండాలి.

గసగసాలు మాత్రం వద్దే వద్దు. మాంసం మసాలాలో గసగసాలు వేయడం మనకు మామూలే. గల్ఫ్ దేశాల్లో అవి మత్తుమందు కిందికి వస్తాయి, ఎందుకంటే నల్లమందు వచ్చేదీ ఆ మొక్క నుంచే. ‘వంటకమ్మా’ అని మీరు ఎంత చెప్పినా కస్టమ్స్ మనిషికి తెలుగు రాదు. ఇంట్లో దంచిన మసాలా పొడి ఇస్తామంటే అందులో గసగసాలు వేశారా అని అమ్మను, అత్తను గట్టిగా అడగండి. వేసి ఉంటే వదిలేయండి.

మాత్రల సంగతి ఇంకా సున్నితం. కాళ్ళ తిమ్మిర్లకు, నరాల నొప్పికి మన డాక్టర్లు రాసే ప్రీగాబాలిన్ కువైట్‌లో మత్తుమందుల జాబితాలో ఉంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రమాత్రలు కూడా అంతే. షుగరు, బీపీ మాత్రలైతే డాక్టరు చీటీ ఇంగ్లీషులో తీసుకొని, షీట్లు కత్తిరించకుండా అట్టపెట్టెతోనే పెట్టుకోండి. విడి మాత్రలు ప్లాస్టిక్ కవర్లో పోసుకొని పోతే అవి ఏమిటో ఎవరికీ తెలియదు.

ఇంక పొట్లాలు. ‘మా తమ్ముడు ఫర్వానియాలో ఉన్నాడన్నా, ఈ ఒక్క కవరు ఇచ్చేసెయ్’ అని బస్టాండు దాకా వచ్చి ఇచ్చేవాళ్ళుంటారు. మొహమాటపడొద్దు. మీ ముందే విప్పి, ప్రతి వస్తువూ చూసి, మళ్ళీ మీరే కట్టుకోండి. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు. బంధువులైనా సరే.

దారిలో విమానం మారాల్సి వస్తే

నేరుగా పోయే విమానం దొరికితే వెయ్యి రెండు వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. మొదటిసారికి అది మేలు. షార్జాలోనో దోహాలోనో కొలంబోలోనో మారాల్సి వస్తే, గుంపు వెనకాల పోవద్దు. ఆ గుంపులో సగం మంది ఆ ఊర్లోనే దిగేవాళ్ళు, వాళ్ళు ఇమ్మిగ్రేషన్ వైపు పోతారు. మీరు పోవాల్సింది ట్రాన్స్‌ఫర్ అని రాసిన బోర్డు వైపు. మద్రాసులో పెట్టె ఇచ్చినప్పుడు ఒక చీటీ అంటించి ఇస్తారు. దాని మీద చివరి ఊరు కె.డబ్ల్యు.ఐ. అని ఉందా చూడండి, అది కువైట్ గుర్తు. అట్లా ఉంటే పెట్టె మధ్యలో మీరు తీసుకోనక్కర్లేదు. వేరే ఊరి గుర్తు ఉంటే కౌంటర్ దగ్గరే అడగండి.

షార్జా, దుబాయ్‌లలో వాట్సాప్ మెసేజ్ పోతుంది, కాల్ పోదు. కాల్ కలవలేదని ఇంట్లోవాళ్ళు ఏడుపులు మొదలుపెట్టకుండా వాళ్ళకు ముందే చెప్పి పెట్టండి.

మీ పేరు వాళ్ళ నోట్లో ఎట్లా వస్తుందో

ఇది ఎవరూ చెప్పరు గానీ, నేను బయట ఎక్కువ సేపు నిలబడింది దీనివల్లే. ఇంటి పని వీసా మీద మొదటిసారి వచ్చినవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను, తీసుకుపోయే మనిషి వచ్చేదాకా ఒక పక్కన కూర్చోబెడతారు. పేరు పిలుస్తారు. మనకు పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట ఉంటాయి. పిలిచేవాళ్ళకు ఏది ఏదో తెలియదు, కంటికి ముందు కనపడింది పిలుస్తారు. పైగా అరబ్బీలో ‘ప’ లేదు, అది ‘బ’ అవుతుంది. ఒక అక్క ఇంటిపేరు పసుపులేటి. లోపల ‘బసుబులేటి, బసుబులేటి’ అని అరుస్తుంటే ఆమె అది ఎవరో అనుకొని తల వంచుకొని కూర్చుందంట. బయట నేను, కఫీల్ కొడుకు కాఫీ మీద కాఫీ తాగుతున్నాం. ఇంటిపేరుతో పిలిచినా, నాన్న పేరుతో పిలిచినా, సగం పేరుతో పిలిచినా లేచి పోయి పాస్‌పోర్టు చూపించండి. మీది కాకపోతే కూర్చోమంటారు, అంతే.

రెండోది టెర్మినల్. కువైట్‌లో జజీరా విమానం టెర్మినల్ 5లో, కువైట్ ఎయిర్‌వేస్ టెర్మినల్ 4లో దిగుతుంది. మన దేశం విమానాలు టెర్మినల్ 1లో. ఇవి వేరు వేరు బిల్డింగులు. ఏ విమానమో చెప్పకుండా ‘పొద్దున పది గంటలకు వస్తా’ అని మాత్రం చెప్పేవాళ్ళుంటారు. కఫీల్ ఒకచోట, మనిషి ఇంకోచోట. టికెట్ ఫోటో తీసి విమానం నంబరుతో సహా ముందురోజే పంపండి. వాళ్ళ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. టికెట్ మీద దిగే టైము కువైట్ టైమే, దాన్ని మళ్ళీ లెక్కలు కట్టొద్దు.

అంకెలు నేర్చుకోండి, మాటలు తర్వాత

నన్ను అడిగితే అరబ్బీ మాటల కంటే ముందు అరబ్బీ అంకెలు నేర్చుకోవాలి. విమానంలో కూర్చొని నేర్చుకోవచ్చు, అంత తేలిక. ఒకటి, తొమ్మిది ఇంచుమించు మనకు తెలిసినట్టే ఉంటాయి. సున్నా ఒక చుక్క. ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. ఆరు చూస్తే మన ఏడులా ఉంటుంది. ఏడు ఇంగ్లీషు ‘వి’ అక్షరం, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు. నాలుగు మన మూడును అద్దంలో చూసినట్టు. రెండు, మూడు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి, మూడుకు పైన ఒక పన్ను ఎక్కువ. అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాసినా అంకెలను మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి.

ఇదెందుకంటే, ఇంటి నంబరు 65 అని అరబ్బీ అంకెల్లో రాస్తే మన కంటికి అచ్చంగా 70. ఒక కుర్రాడు మా వీధిలో అట్లాగే 65వ ఇంటికి రావాల్సినవాడు 70 తలుపు కొట్టాడు. ఆ ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి నీళ్ళిచ్చి మా దగ్గరికి పంపించారు.

డబ్బు కూడా అంతే. నోటుకు ఒకవైపు ఇంగ్లీషు ఉంటుంది గానీ నాణేల మీద విలువ అరబ్బీలోనే. ఒక దినారుకు 1000 ఫిల్స్. అందుకే ధరలో చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. 1.250 అంటే ఒక దినారు, 250 ఫిల్స్. చుక్కను పట్టించుకోకపోతే అది పన్నెండు వందల యాభై అని గుండె గుభేలుమంటుంది. దీనికి ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదం: ఒక దినారు నోటును ఒక రూపాయిలా తీసి ఇచ్చేయడం. దినారంటే మన డబ్బుల్లో రెండొందల యాభైకి పైనే. టాక్సీ ఎక్కాల్సి వస్తే ఎక్కకముందే ఎంతో వేళ్ళతో కాకుండా ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టించి చూడండి.

అరబ్బీ రాకపోతే

మొదటి రోజు అరబ్బీ అవసరం తక్కువే. ఎయిర్‌పోర్టులో ఊడ్చేవాళ్ళు, ట్రాలీలు తోసేవాళ్ళు, షాపులవాళ్ళు చాలామంది మన దేశం, బంగ్లాదేశ్, నేపాల్ మనుషులే. ‘భాయ్’ అని పిలిచి వచ్చీరాని హిందీలో అడగండి. కడపలో పుట్టినవాళ్ళకు దర్గా దగ్గర వినే ఉర్దూ అయినా నాలుగు ముక్కలు వచ్చి ఉంటుంది, అది అక్కడ బాగా పనికొస్తుంది. ఎవరైనా ‘ఇంత హిందీ?’ అంటే మీకు హిందీ వచ్చా అని కాదు, మీరు ఇండియా మనిషా అని. ‘నహీ, తెలుగు’ అని జవాబు చెప్పినవాళ్ళను చూసి నవ్వాపుకోలేకపోయాను.

ఇంటికి చేరాక కావాల్సిన మాటలు కొన్ని. నీళ్ళు ‘మాయ్’. కావాలి ‘అబీ’, వద్దు ‘మాబీ’. ఎక్కడ ‘వేన్’. ఎంత ‘చం’. ఉంది ‘అకూ’, లేదు ‘మాకూ’. రా ‘తాల్’, పో ‘రూహ్’, తే ‘జీబ్’. అయిపోయింది ‘ఖలాస్’. మెల్లగా ‘శ్వయ్ శ్వయ్’. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి మగవాళ్ళు ‘తాబాన్’, ఆడవాళ్ళు ‘తాబానా’ అనాలి. అన్నిటికంటే ముఖ్యమైంది ‘మా అరఫ్’, అంటే తెలియదు. అర్థం కానిదానికి తల ఊపొద్దు. మనవాళ్ళు భయానికి అన్నిటికీ ‘ఆ, ఆ’ అంటారు. ‘వంటొచ్చా, కారు తోలడమొచ్చా, పిల్లలను చూసుకోవడమొచ్చా’ అని అడిగితే అన్నిటికీ ఆ అనేసి, రెండో రోజు పట్టుబడి తిట్లు తింటారు.

తల ఊపడంలోనే ఇంకో చిక్కు. సరే అనడానికి మనం తలను అటూ ఇటూ ఆడిస్తాం. వాళ్ళకు అది కాదన్నట్టు కనిపిస్తుంది. నోటితో ‘జేన్’ అనండి, అంటే బాగుంది, సరే అని. వాళ్ళ చేతి సైగ ఒకటి తెలుసుకోవాలి. ఐదు వేళ్ళ కొసలు పైకి కలిపి చెయ్యి కొంచెం ఆడిస్తారు. మనకు అది అన్నం సైగలా ఉంటుంది, వాళ్ళకు మాత్రం ‘కాస్త ఆగు’ అని. మా మేడం అట్లా అంటే కొత్తగా వచ్చిన ఆమె ఆకలిగా లేదని పొట్ట తడిమి చూపించింది.

ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ ఉంటే తెలుగు, అరబ్బీ రెండూ కడపలోనే డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకపోయినా పనిచేయాలి. అందులో మన యాసలో మాట్లాడొద్దు. ‘యాడికి పోవల్ల’ అంటే దానికి ఏం అర్థమవుతుందో దేవునికే తెలియాలి. చిన్న చిన్న వాక్యాలు, పుస్తకంలో ఉన్నట్టు చెప్పండి. ఒక వాక్యానికి ఒక సంగతి.

రంజాన్ నెలలో దిగేవాళ్ళకు: పగటిపూట బయట నలుగురిలో నీళ్ళు తాగడం, తినడం, సిగరెట్ కాల్చడం అక్కడ నేరం. మనం ఏ మతమైనా అంతే. 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు ఉంది. బస్టాపులో బాటిల్ ఎత్తొద్దు.

ఇల్లు చేరాక, లేదా ఎవరూ రాకపోతే

కువైట్ అడ్రసులో ఏరియా, బ్లాకు, వీధి నంబరు, ఇంటి నంబరు వరుసగా ఉంటాయి. బ్లాకును ‘ఖితా’ అంటారు. గుడి పక్కన, చింతచెట్టు ఎదురుగా అనే గుర్తులు అక్కడ నడవవు. ఏ ఏరియా చూసినా ఒకే రకం గోధుమరంగు గోడలు. చేరిన రోజే ఇంటి గేటు దగ్గరున్న నంబరు పలకను ఫోటో తీసి ఇంటికి పంపండి. ఇల్లు లోపలా, ఆడవాళ్ళనూ మాత్రం ఫోటో తీయొద్దు. వీడియో కాల్‌లో కూడా కెమెరా గోడవైపే ఉండాలి.

పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అక్కడి చట్టమే చెబుతుంది. ఇంటి పనివాళ్ళ కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం అది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఉండాలి, కనీస జీతం 60 దినార్లు. చాలా ఇళ్ళల్లో పాస్‌పోర్టు తీసుకుంటారు, అది మీకూ నాకూ తెలిసిందే. మొదటి రోజే గొడవ పెట్టుకోమని నేను చెప్పను, జిరాక్సులు మీ దగ్గర ఉంటే చాలు. అకామా (అక్కడ ఉండడానికి అనుమతి) కొట్టించి సివిల్ ఐడీ కార్డు వచ్చాక దాని 12 అంకెల నంబరు ఇంటికి పంపండి. ఏ ఆఫీసులో అడిగినా ముందు అడిగేది ఆ నంబరే.

ఎయిర్‌పోర్టుకు ఎవరూ రాకపోతే, బయట ‘నేను తీసుకుపోతా’ అనే తెలుగు మనిషి వెంటపడి పోవద్దు. తెలుగు మాట వినగానే ప్రాణం లేచి వస్తుంది, అక్కడే మోసపోతారు. లోపలే ఉండి పోలీసుకు ఆ అట్టముక్క చూపించి, కఫీల్‌కు ఫోన్ చేయమని అడగండి. మరీ ప్రమాదమైతే 112. ఇంట్లో కొట్టినా, తిండి పెట్టకపోయినా ‘సఫారా హిందీయా’ అని అడగండి, అది మన ఎంబసీ. దయ్యాలో, అరేబియన్ గల్ఫ్ స్ట్రీట్‌లో ఉంది, దిక్కులేని పనివాళ్ళను ఉంచుకునే షెల్టర్ కూడా ఉంది. చెప్పకుండా ఇల్లు వదిలి బయట గదుల్లో చేరితే మీ మీద పారిపోయినట్టు కేసు పెడతారు, కల్లివెల్లి అయిపోతారు, అంటే కాగితాలు లేని మనిషైపోతారు. తర్వాత ఇంటికి రావాలన్నా ఏళ్ళు పడుతుంది. పారిపోవాల్సినంత పరిస్థితే వస్తే పోవాల్సింది ఎంబసీకే.

ఒకటి మర్చిపోయాను. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. గురువారం రాత్రి దిగి ఏదైనా తేడా వస్తే ఆదివారం పొద్దుటిదాకా మామూలు ఆఫీసులు తెరవవు. టికెట్ తీసేటప్పుడు ఆదివారమో సోమవారమో పగటిపూట దిగేట్టు చూడమని ఏజెంటును అడగండి. పది మాటలు అంటాడు, అననీయండి.